పదహారు కిలోలకి నాలుగు పుల్లలు

చక్రం ఖరీదు వినగానే నేను, "ఒక్కదానికేనా?" అని అడిగాను.

"ఒక్కదానికే," అన్నాడు పుల్లలాయన.

"బాబాయ్‌గారూ, మేమడిగేది సైకిలు చక్రం. రైలుది కాదు."

ఆయన నవ్వలేదు. నేను జోకు వేస్తే నవ్వని మనుషులంటే నాకు ఒళ్ళు మంట. పక్కన స్టూలు మీద కూర్చున్న మా ఆయన మాత్రం, చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని చిన్నగా నవ్వారు. ఆయన నవ్వితే నాకు సగం కోపం దిగిపోతుంది. మిగతా సగం ఆ ఖరీదు మీద అలాగే ఉండిపోయింది. ఎందుకుండదు? అది మా రెండు నెలల ఇంటద్దె.

బస్సు డిపో వెనక సందులో ఆ పెద్దాయనది ఒంటిగది దుకాణం. పైకప్పు నుంచి ఉత్త రిమ్ములు వేలాడుతుంటాయి. గోడవారగా బిస్కెట్ల డబ్బాలు, వాటి నిండా పొడుగుల వారీగా సైకిలు పుల్లలు. స్పోకులంటే ఎవరికీ నోరు తిరగదు, మేమంతా పుల్లలనే అంటాం. అవి ఒక్కొక్కటే చేత్తో ఎక్కించి చక్రం కడతాడు కాబట్టి ఊరంతా ఆయన్ని పుల్లలాయన అంటారు. అంతేగానీ ఇద్దరి మధ్య పుల్లలు పెట్టే మనిషేం కాదు. అలా పెట్టాలన్నా ముందు నోరు విప్పాలి కదా.

అంత ఖరీదు పెట్టే స్థితి మాకెందుకు వచ్చిందో చెప్పాలి.

మా ఆయన ముప్ఫై ఏళ్ళు రైల్వే పార్సిలాఫీసులో మూటలు తూచారు. మూటని ఒక్కసారి చేత్తో ఎత్తితే చాలు, బరువు చెప్పేసేవారు. కాటా ముల్లు తర్వాత నెమ్మదిగా వచ్చి ఆయన చెప్పిన అంకె దగ్గర ఆగేది. నాలుగేళ్ళ కిందట ఆయనకి చూపు పోయింది. ఒక్కసారిగా కాదు, అంచుల నుంచి లోపలికి కొంచెం కొంచెంగా. ఆస్పత్రివాళ్ళు తెల్లకర్ర ఇచ్చి, దాంతో నడవడం కూడా నేర్పారు. ఇంటికొచ్చాక మా ఆయన దాన్ని గడ్డం ఆనించుకోవడానికి తప్ప దేనికీ వాడలేదు. ఒంటరిగా గడప దాటనని భీష్మించుకు కూర్చున్నారు. నేను బతిమాలాను, తిట్టాను, రెండ్రోజులు మాట్లాడ్డం మానేశాను. రెండ్రోజులు మాట్లాడకుండా ఉండటం నాకెంత శిక్షో నన్నెరిగిన వాళ్ళకి తెలుసు. అయినా ఆయన కదల్లేదు.

చివరికి పాత సామాన్ల కొట్లో రెండు సీట్ల సైకిలొకటి కనబడితే కొనుక్కొచ్చాను. ముందు నేను, వెనక ఆయన. దారి నాది, తొక్కుడు ఇద్దరిదీ. రోజూ పొద్దున్న ఏటి ఒడ్డు రోడ్డు మీద మిల్లు మెట్ట దాకా వెళ్ళి వచ్చేవాళ్ళం. ఆ గంటసేపు ఆయన మళ్ళీ పాత మనిషి అయిపోయేవారు. వెనక నుంచి వచ్చే లారీ చప్పుడు విని, "వాడు మోయాల్సినదానికంటే టన్ను ఎక్కువేశాడు," అనేవారు. రొట్టెల బట్టీ దాటుతుంటే, "ఇవాళ మాడ్చేశారు," అనేవారు. వినడానికి నాకు ప్రాణం లేచొచ్చేది.

కానీ ఇద్దరు మనుషుల బరువు, పైన నేను కుట్టిన బట్టల సంచి, అంతా వెనక చక్రం మీదే. ఎక్కడో టింగుమని ఓ పుల్ల తెగేది. నాల్రోజులకి ఇంకోటి. ఏడాదిన్నరలో మూడు చక్రాలు మార్చాం, మూడూ కంపెనీలో మిషను మీద తయారైనవే. ఆ మూడోది మిల్లు మెట్ట దిగుతుండగా ఒకేసారి నాలుగు పుల్లలు తెంపుకుని వంకరపోయింది. ఇద్దరం పడ్డాం. నాకేం కాలేదు. ఆయన మోచెయ్యి చీరుకుపోయింది.

ఆయన అరవలేదు. రోడ్డు పక్కన కూర్చుని, నేను రుమాలు కడుతుంటే నెమ్మదిగా అన్నారు. "ఇంకొక్కసారి ఇలా పడితే దీన్ని అమ్మెయ్. నేనింక ఇంట్లోనే ఉంటాను."

మా ఆయన ఒక మాట రెండోసారి అనే రకం కాదు. అందుకే మర్నాడే ఇంటి నుంచి సైకిల్ని నడిపించుకుంటూ, ఓ చేత్తో ఆయన్ని పట్టుకుని, పుల్లలాయన దుకాణానికి వచ్చాను. దారి పొడుగునా ఆయన పెదాలు కదుపుతూనే ఉన్నారు. అడుగులు లెక్కపెడుతున్నారని తర్వాత తెలిసింది.

పుల్లలాయన ఓ పుస్తకం తెరిచి ప్రశ్నలు మొదలెట్టాడు. సంచి ఎంత బరువుంటుంది? ఆరు కిలోలు. రోడ్డు ఎలాంటిది? సగం గతుకులు. ఎత్తు ఎక్కేటప్పుడు లేచి నిలబడి తొక్కుతారా? నేను తొక్కుతాను. ఏ కాలి మీద బలం ఎక్కువ?

"ఆవిడది ఎడమకాలు," అన్నారు మా ఆయన. "కుడి మోకాలు టిక్కుటిక్కుమంటుంది. వెనక కూర్చుంటే గోడ గడియారం పక్కన కూర్చున్నట్టే."

ఆయన తొడ మీద గిల్లాను. పుల్లలాయన అది కూడా రాసుకున్నాడు.

"అయ్యగారి బరువు?"

"యాభై ఎనిమిది," అన్నారు మా ఆయన తడుముకోకుండా. సన్నగా వెదురుబద్దలా ఉంటారు. నలభయ్యేళ్ళ నుంచీ అదే అంకె.

"అమ్మగారిది?"

ఇక్కడ నా గురించి ఒక ముక్క చెప్పాలి. నేను దర్జీదాన్ని. ముప్ఫై ఏళ్ళుగా జనం నడుములు కొలుస్తున్నాను. టేపు చుట్టగానే ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కునే ఆడవాళ్ళని ఎంతమందిని చూశానో లెక్కలేదు. "ఊపిరి వదలండమ్మా, నేనేం పోటీలు పెట్టట్లేదు," అని కసురుతాను. కొలిచేవాళ్ళ దగ్గర, కట్టేవాళ్ళ దగ్గర అబద్ధం చెప్పకూడదని నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు.

"అరవై నాలుగు," అన్నాను.

రెండు వారాల కిందట డాక్టరు గదిలో కాటా ఎక్కాను. ఎనభై చూపించింది. చెప్పులు విప్పి మళ్ళీ ఎక్కాను. అయినా ఎనభయ్యే.

అరవై నాలుగు నేను ఉత్తినే అన్న అంకె కాదు. మా ఆయన నన్ను ఆఖరిసారి కళ్ళారా చూసినప్పుడు నా బరువది. ఆ తర్వాత ఆస్పత్రుల చుట్టూ తిరగడం, అద్దె కోసం రోజంతా మిషను ముందు కూర్చోవడం, దిగులుకి ఏదో ఒకటి నవలడం, అలా పదహారు కిలోలు వచ్చి చేరాయి. అద్దం చెప్పింది, పాత గౌన్లు చెప్పాయి, మెట్లు చెప్పాయి. ఆయనకి మాత్రం ఎవరూ చెప్పలేదు. నేను ఇంకా అరవై నాలుగు కిలోల మనిషిగా మిగిలింది ఈ ప్రపంచంలో ఒక్క ఆయన తలకాయలోనే. అక్కణ్ణించి కూడా నన్ను ఖాళీ చేయించడానికి నాకు మనసొప్పలేదు.

మా ఆయన గడ్డం కర్ర మీద నుంచి కొంచెం జారింది. మళ్ళీ సర్దుకున్నారు.

"కాటా ఉందా మీ దగ్గర?" అని అడిగాను.

"లేదమ్మా. మనిషిని తూచడం మర్యాద కాదు. మీ మాట మీదే కడతాను," అన్నాడు పుల్లలాయన. ఓ అట్టముక్క తీసి పైన 'అమ్మగారు 64', కింద 'అయ్యగారు 58' అని రాసి, దారంతో హబ్బుకి కట్టాడు. హబ్బంటే చక్రం మధ్యలో ఉండే ఇరుసు ముక్క, పుల్లలన్నీ దాని చెవులకే తగులుకుంటాయి. "సంచితో కలిపి నూట ఇరవై ఎనిమిది. ముప్ఫై ఆరు పుల్లలు చాలు."

"అంతకంటే బరువుంటే?" అన్నాను, ఎవరి గురించో అడిగినట్టు.

"నలభై వెయ్యాలి. అప్పుడు హబ్బు వేరు, రిమ్ము వేరు. ముప్ఫై ఆరు మీద నలభై పుల్లల బరువు వేస్తే కొన్నాళ్ళు బాగానే ఉంటుంది. ఆ తర్వాత ఏదో మెట్ట దగ్గర చెప్తుంది."

నేను ఆ అట్టముక్క వైపు చూడకుండా చేతిసంచి సర్దుకున్నాను.

మేం లేవబోతుంటే ఆయన స్టాండులో ఉన్న ఎవరిదో చక్రం తిప్పుతూ, ఒక్కో పుల్లనీ గోటితో మీటుతున్నాడు. బిగువు సరిపోయిందా లేదా అన్నది ఆ మోతలో తెలుస్తుందట. టింగ్, టింగ్, టింగ్. మా ఆయన తల పక్కకి వంచి వింటున్నారు.

"అది ఒదులుంది," అన్నారు ఉన్నట్టుండి.

"ఏది?"

"ఇప్పుడు మీటినదానికి ముందుది."

పుల్లలాయన వెనక్కి తిప్పి మీటాడు, చెవి దగ్గర పెట్టి మళ్ళీ మీటాడు. చిన్న కీ తీసుకుని పావు చుట్టు తిప్పాడు. "సన్న మోతలు ఈమధ్య నాకు సరిగ్గా అందట్లేదు," అన్నాడు. ఆ రోజు ఆయన తన గురించి అన్న మాట అదొక్కటే. ఇంటికెళ్ళే దారిలో మా ఆయన చాలా ఉషారుగా ఉన్నారు.

పదిరోజుల్లో చక్రం ఇస్తానన్నాడు. ఆ పదిరోజులూ నాకు తిండి సయించలేదని చెప్తే బాగుంటుంది గానీ అబద్ధమవుతుంది. మామూలుగానే తిన్నాను, తిన్న ప్రతిసారీ తిట్టుకున్నాను. రాత్రి కళ్ళు మూసుకుంటే మిల్లు మెట్ట, టింగుమన్న మోత, రోడ్డు మీద ఆయన. ఇంకొక్కసారి పడితే ఇంట్లోనే ఉంటానన్నారు. అంటే నా పదహారు కిలోల బడాయికి ఆయన పొద్దున్నలన్నీ పందెం కాశానన్నమాట. పోనీ చెప్పేద్దామని రెండుసార్లు ఆయన ముందు నిలబడ్డాను. "ఏమేవ్, అలా నిలబడ్డావేం?" అంటే, "దారం వెతుకుతున్నా," అని జారుకున్నాను.

ఆరోరోజు సంగీతం టీచరమ్మ విరుచుకుపడింది. ఆవిడకి కచేరీ కోసం ఓ బిగుతు కోటు కుట్టిచ్చాను. పాట పై స్థాయికి వెళ్ళగానే చంక దగ్గర నుంచి నడుం దాకా పర్రుమని పోయిందట. ముందు వరసలో కూర్చున్నవాళ్ళు చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక ఒకరి మొహాలొకరు చూసుకున్నారట.

"నా పరువు తీశావు! ఇదేనా నీ కుట్టు?" అని కోటు నా బల్ల మీద పడేసింది.

నా కుట్టుని ఎవరైనా అంటే నాకు కళ్ళు కనపడవు. "కుట్టు పోలేదు, చూడండి. బట్టే పోయింది!" అన్నాను. "కొలతలిచ్చేటప్పుడు మీరు ఊపిరి బిగబట్టారా లేదా? పాడేటప్పుడు ఊపిరి కావాలని మీకు తెలియదా? అబద్ధం చెప్పాలనుంటే ఇంట్లో మొగుడికి చెప్పుకోండి, చుట్టాలకి చెప్పుకోండి. వస్తువు చేసేవాళ్ళకి చెప్తారా? మీరు దాచిన రెండంగుళాలూ ఎక్కడికీ పోవు టీచరమ్మా, నలుగురి ముందూ..."

అక్కడ నా నోరు దానంతటదే ఆగిపోయింది.

మూలన కూర్చుని బాబిన్లకి దారం చుడుతున్న మా ఆయన చేతులు కూడా ఆగాయి. టీచరమ్మ నా మొహంలో ఏం చూసిందో ఏమో, "సర్లే, గుడ్డ వేసి వెడల్పు చెయ్యి," అని మెత్తబడి వెళ్ళిపోయింది.

కాసేపటికి మా ఆయన అడిగారు. "ఎంత దాచిందంటావ్?"

"రెండంగుళాలు."

"అంతేనా," అని మళ్ళీ దారం చుట్టుకోవడం మొదలెట్టారు.

మర్నాడు పొద్దున్న బొత్తాలు కొనాలని చెప్పి బయల్దేరాను. పుల్లలాయన కాళ్ళావేళ్ళా పడైనా సరే ఆ అట్టముక్క మార్పించాలని నిశ్చయించుకున్నాను. దారిలో ఒక ఇంట్లో లంగా ఇవ్వాల్సి ఉంది. ఆ ఇంటావిడ మాటల్లో పడేసి ముప్పావుగంట తినేసింది. తీరా దుకాణం మెట్లెక్కేసరికి పుల్లలాయన నేల మీద కూర్చుని సగం కట్టిన చక్రాన్ని విప్పుతున్నాడు. ముప్ఫై ఆరు పుల్లలూ పక్కన కట్టగా పడున్నాయి. బల్ల మీద కొత్త హబ్బు, దానికి కొత్త అట్టముక్క.

'అమ్మగారు 64. అయ్యగారు 74.'

నేను అట్టముక్కని చూశాను, ఆయన్ని చూశాను. "ఇదేంటి బాబాయ్‌గారూ?"

"అయ్యగారొచ్చారమ్మా," అన్నాడు. "తన బరువు తప్పు చెప్పానన్నారు. యాభై ఎనిమిది కాదు, డెబ్భై నాలుగన్నారు. సిగ్గుపడి తగ్గించి చెప్పారట. మీకు తెలియనివ్వొద్దన్నారు."

"మీరు నమ్మారా? ఆయన్ని చూశారు కదా. నిండా తడిసి తలపాగా చుట్టుకున్నా అరవై దాటరు!"

"మాట మీద కడతానని చెప్పాను కదమ్మా. రాసుకున్నాను." ఆయన మొహంలో ఒక్క గీత కదల్లేదు. ఆ రోజు నా జోకుకి నవ్వనిది గర్వంతో కాదని, ఆయన మొహమే అంతని అప్పుడర్థమైంది. "నలభై పుల్లలు వేస్తున్నాను. పదహారు కిలోలకి నాలుగు పుల్లలు."

పదహారు. సరిగ్గా పదహారు. పదిహేను కాదు, పదిహేడు కాదు. నేను మింగేసిన అంకెని అరకిలో తేడా లేకుండా తీసి, ఆయన తన ఒంటికి అంటించుకున్నారు.

"హబ్బూ రిమ్మూ మారితే ఖరీదు పెరుగుతుందిగా. అదెవరిస్తారు?"

"అయ్యగారే. ఆరు చక్రాలు విని పెడతానన్నారు. నాకు చెవి అందదు, ఆయనకి అందుతుంది. గురువారం గురువారం వస్తారు."

అప్పుడు గానీ నాకు అసలు విషయం బుర్రకెక్కలేదు. "వస్తారా? ఎవరితో వస్తారు? ఇప్పుడెవరితో వచ్చారు?"

"ఒంటరిగానే వచ్చారమ్మా. ఇప్పుడే, రెండు నిమిషాలవుతుంది వెళ్ళి."

నేను మెట్లు దిగలేదు, దూకాను. సందు చివర, డిపో ముందు పెద్ద రోడ్డు అంచున, మా ఆయన నిలబడి ఉన్నారు. చేతిలో తెల్లకర్ర. గడ్డం కింద కాదు, నేల మీద.

పిలవబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. పిలిస్తే, వచ్చి పట్టుకుంటే, ఆయన పడ్డ ఈ కష్టమంతా అక్కడే వృథా. పైగా నేనున్నట్టు తెలిస్తే ఎందుకొచ్చానో చెప్పాలి. చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాను. ఆయనకి నా చెప్పుల చప్పుడు వీధి అవతల నుంచి తెలుస్తుంది. పిల్లిలా పదడుగుల వెనక నిలబడ్డాను.

రెండు బస్సులు పోయాయి. ఓ మోటారు సైకిలు పోయింది. రోడ్డు ఖాళీగా ఉంది, వెళ్ళొచ్చు, వెళ్ళండి మహానుభావా అని నా లోపల నేను కేకలు పెడుతున్నాను. ఆయన వెళ్ళలేదు. ఇంకో లారీ పోయాక తల పక్కకి వంచి విని, కర్ర ముందుకి చాపి, అడుగేశారు. ఒకటి, రెండు, మూడు అని పైకే లెక్కపెట్టుకుంటూ దాటారు. ఆ పన్నెండడుగుల్లో నేను చెప్పుల పట్టీ ఒకటి తెంపేశాను.

అవతలి గట్టెక్కాక ఓ పోస్టు డబ్బాకి భుజం తగిలింది. "అయ్యో, క్షమించండి," అన్నారు దానితో, ఎంతో మర్యాదగా. అది పలకలేదు. మళ్ళీ క్షమాపణ చెప్పి కదిలారు. నవ్వు, ఏడుపు కలిసి వచ్చి నాకు ఊపిరాడలేదు. నాలుగేళ్ళు బతిమాలినా, తిట్టినా, మాట్లాడ్డం మానేసినా గడప దాటని మనిషి, నా అబద్ధాన్ని నాకే తెలియకుండా కాపాడటానికి రోడ్డు దాటారు. నాకు ఆయన మీద అంత ప్రేమ పెళ్ళినాడు కూడా పుట్టలేదు. ఆ రోజు బూట్లు కరిచి ఒకటే చిరాగ్గా ఉన్నాను.

ఇంటి దాకా అలాగే వెనకే వెళ్ళాను. ఆయన తలుపు తీసుకుని లోపలికి వెళ్ళాక సందు మొగలో నిలబడి వంద లెక్కపెట్టి, తెగిన చెప్పుల్ని టపటపలాడిస్తూ వచ్చాను. ఆయన మూలన కూర్చుని బాబిన్‌కి దారం చుడుతున్నారు. చొక్కా చెమటకి తడిసిపోయింది.

"బొత్తాలు దొరికాయా?"

"లేవు. మీరేం చేశారు పొద్దున్నుంచీ?"

"ఏముంది, ఇదే," అని బాబిన్ ఎత్తి చూపించారు. దాని మీద నాలుగు చుట్లు కూడా లేవు.

పదోరోజుకి బదులు పదమూడోరోజున చక్రం వచ్చింది. పుల్లలాయన దాన్ని స్టాండులో పెట్టి, నలభై పుల్లలూ ఒక్కోటే మీటాడు. మా ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. ఆయనకి మూసినా తెరిచినా ఒకటే, అయినా వినేటప్పుడు మూస్తారు. "అన్నీ ఒకటే గొంతు," అన్నారు. నేను మొదట చెప్పిన ఖరీదే లెక్కపెట్టి ఇచ్చాను. పుల్లలాయన, "సరిపోయిందమ్మా," అని తీసుకున్నాడు. మా ఇద్దరి కళ్ళూ ఒక్క క్షణం కలిశాయి. ఆయన చూపు తిప్పుకుని ఏదో డబ్బా సర్దుకున్నాడు. అట్టముక్క ఊడదీసి నేను జాకెట్లో దోపుకున్నాను. ఇప్పుడది నా బొత్తాల సొరుగులో ఉంది.

మర్నాడు పొద్దున్నే మిల్లు మెట్ట. పైన ఒక్క క్షణం ఆగాను.

"భయంగా ఉందా?" అన్నారు.

"మీకు?"

"నాకేం భయం, నాకేం కనపడదుగా. పోనీ."

వదిలేశాను. గాలి చెవుల్లో హోరుమంటోంది. గతుకులన్నీ వచ్చాయి, పోయాయి. కింద నుంచి కరకరమన్న చప్పుడు లేదు, టింగుమన్న మోత లేదు. పోయినసారి పడ్డ చోటు దాటుతుంటే ఆయన చెయ్యి వచ్చి నా నడుం పట్టుకుంది. పట్టుకున్న చోట పట్టుకోవడానికి బాగానే ఉంది. నాకిక దాచుకోవాలనిపించలేదు.

"ఏవండీ!" అని గాలిలో అరిచాను. "నా బరువు ఎనభై!"

"తెలుసు!"

"ఎలా తెలుసు?"

"పోయినసారి ఇక్కడ పడినప్పుడు నువ్వు రోడ్డు మీద పడ్డావనుకున్నావా? నా మీదే కదా పడ్డావ్!"

హ్యాండిలు వంకర్లు పోయింది, నవ్వలేక. పొట్ట పట్టుకుందామంటే చేతులు ఖాళీ లేవు. మెట్ట దిగి రోడ్డు చదునయ్యాక, కాస్త తేరుకుని అడిగాను. "మరి మీకేం అనిపించలేదా?"

ఆయన నాలుగు తొక్కులు తొక్కారు. "ఏమనిపించాలి? నేను చూసిన మనిషి చూసినట్టే ఉంది. పైన పదహారు కిలోలు లాభం," అన్నారు, పార్సిలాఫీసులో రసీదు చింపిచ్చే గొంతుతో.

దుకాణానికి వెళ్ళిన సంగతి ఆయన చెప్పలేదు. నేను చూశానని నేనూ చెప్పలేదు. గురువారం పొద్దున్న కర్ర తీసుకుని, "అలా గాలికి వెళ్ళొస్తాను," అన్నారు. "ఒక్కరేనా?" అని కావలసినంత ఆశ్చర్యం ఒలకబోశాను. "ఒక్కణ్ణే," అన్నారు ఛాతీ విరుచుకుని. ఆయన గడప దాటగానే నేను చెప్పులు మూలకి తన్ని వెనకే బయల్దేరాను. పోస్టు డబ్బాని ఇప్పుడు ముందుగానే తప్పించుకుంటున్నారు. కానీ దాటేటప్పుడు దాన్ని కర్రతో ఒకసారి పలకరిస్తారు.

ఆరు చక్రాలూ అయిపోయి చాలాకాలమైంది. ఆయన వెళ్ళడం మానలేదు, పుల్లలాయన రావద్దనలేదు, నేను వెంటపడటమూ మానలేదు. నిన్న గురువారం. ఎండ బాగా ముదిరాక బయల్దేరారు. నేను మిషను మీద వంగి, ఏమీ పట్టనట్టు, "జాగ్రత్తండీ," అన్నాను. ఆయన గడప మీద ఒక కాలు పెట్టి ఆగారు.

"రోడ్డు కాలిపోతోంది," అన్నారు వెనక్కి తిరక్కుండానే. "ఇవాళ చెప్పులేసుకు రా."